పోటు తగ్గిన తెల్లారి

రాత్రి ఒంటిగంట దాటింది. మాడుగులలో హల్వా దుకాణాల షట్టర్లు దించేసి చాలాసేపయింది. ఒక ఇంట్లో మాత్రం ఇంకా లైటు వెలుగుతోంది. ముప్పై అయిదేళ్ల మనిషి మంచం మీద లేచి కూర్చుని, కుడి దవడను అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. పక్కన చెంబు. చల్లటి నీళ్లు పుక్కిట పట్టినంతసేపూ ప్రాణం కాస్త కుదుటపడుతోంది. నోట్లో నీళ్లు వెచ్చబడగానే మళ్లీ మొదలు. నడుం వాలిస్తే మరీ ఎక్కువ. గుండె కొట్టుకున్నప్పుడల్లా పన్నులో ఒక పోటు.

"ఏటిరా, దవడట్టుకు కూకున్నావు?"

"పన్నమ్మా. రెండ్రోజుల్నించి సలపతంది. ఇయ్యాల మరీ పెచ్చు."

"లవంగమెట్టి కొరుకు. పురుగు సచ్చిపోద్ది."

కొరికాడు. నిన్న మందుల షాపులో ఇచ్చిన మాత్రలూ మింగాడు, ఒకటి నొప్పికి, ఒకటి యాంటీబయాటిక్. ఏదీ పట్టించుకోలేదు ఆ పన్ను.

అతని పేరుతో మనకు పని లేదు. అసలు అతను ఒక్క మనిషి కూడా కాదు. పంటిపోటుతో తెల్లవార్లూ మేలుకున్న పదిమందిని కలిపి ఒక్కడిగా చేసి ఇక్కడ కూర్చోబెట్టాం. ఆ రాత్రి అతని కింది దవడ పన్ను లోపల జరిగినది మాత్రం కల్పన కాదు. పీకేసిన పళ్లను పలుచటి పొరలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, దశాబ్దాలుగా ఎందరో కూడబెట్టిన సాక్ష్యం అది. దాన్ని పట్టుకుని ఆ పన్ను కథను మొదటినుంచీ చెప్పుకొద్దాం.

ఆ పన్ను వయసూ అతని వయసూ దాదాపు ఒకటే. మొదటి పెద్ద దవడ పన్ను గట్టిపడటం మొదలయ్యేది బిడ్డ పుట్టే రోజుల్లోనే. అప్పటికే లోపల ఓడోంటోబ్లాస్టులనే కణాలు వరస కట్టి ఉంటాయి. అవి బయటివైపు డెంటిన్ అనే గట్టి పదార్థాన్ని పేరుస్తూ, పేర్చినకొద్దీ తాము లోపలికి జరుగుతూ పోతాయి. జరిగిన దారిలో ఒక్కో కణమూ సన్నటి గొట్టాన్ని, అందులో తన తోకనూ మిగిలిస్తుంది. గుజ్జుకు దగ్గరగా చూస్తే చదరపు మిల్లీమీటరుకు అలాంటి గొట్టాలు 45 వేల దాకా ఉంటాయి. ఇక ఈ కణాలు మళ్లీ విభజన చెందవు. పన్ను బతికినన్నాళ్లూ ఆ వరసలోని కణాలే కాపలా. చచ్చిన కణం స్థానంలోకి అదే రకం కణం పక్కనుంచి వచ్చి నిలబడదు.

ఆ వరస వెనక ఉండేదే గుజ్జు: రక్తనాళాలు, నరాలు, ఫైబ్రోబ్లాస్టులు, రక్షణ కణాలు. పెద్దవాళ్ల నోట్లో ఒక పంటి గుజ్జు సగటున 0.02 మిల్లీలీటర్లు. నోట్లోని శాశ్వత దంతాల గుజ్జంతా పోగేసినా ఒక మిల్లీలీటరు ఉండదు. దానికి రక్తం వచ్చేదీ పోయేదీ వేరు చివర ఉన్న సూది బెజ్జాల్లోంచే. నాలుగువైపులా గట్టి గోడ. వాచడానికి చోటు లేని అవయవం ఒంట్లో ఏదైనా ఉందంటే అది ఇదే అనిపిస్తుంది.

ఆరో ఏట ఆ పన్ను చిగురు చీల్చుకుని బయటికొచ్చింది. పాలపన్నేదీ ఊడకుండా, వాటన్నిటి వెనక వచ్చే పన్ను కాబట్టి ఇంట్లో దాన్నీ పాలపన్ను లెక్కలోనే వేశారు. పుచ్చితే పుచ్చింది, ఎలాగూ ఊడి కొత్తది వస్తుందనుకున్నారు. మన ఊళ్లలో ఎక్కువ నష్టపోయే పన్ను ఇదే కావడానికి ఈ పొరపాటూ ఒక కారణమని నా నమ్మకం.

మాడుగుల అన్నాం గనక హల్వా మాట రాకుండా ఉండదు. 1890 ప్రాంతంలో దంగేటి వారింట మొదలైందని ఊరు చెప్పుకునే మిఠాయి అది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, కట్టెల పొయ్యి మీద నెయ్యితో గంటల తరబడి తిప్పితే గానీ ఆ పాకం రాదు. దిగువన చోడవరం దాకా చెరకు తోటలు, అటు అనకాపల్లిలో దేశంలోనే పేరుమోసిన బెల్లం మార్కెట్. ఇంత తీపి మధ్య పుట్టినవాడి పన్ను పుచ్చితే నింద ఎవరి మీదికి పోతుందో తెలిసిందే. హల్వా మీద నేను నేరం మోపను. పండక్కి ఒక ముక్క తిన్నవాడి పన్ను పుచ్చదు. పంటి మీద పాచిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ లాంటి బ్యాక్టీరియా ఉంటాయి. 1924లో ఇంగ్లండులో క్లార్క్ అనే ఆయన పుచ్చిన పళ్లలోంచి తీసి దానికి ఆ పేరు పెట్టాడు. చక్కెర అందిన కొద్ది నిమిషాల్లోనే అవి ఆమ్లం వదులుతాయి. పీహెచ్ 5.5 కిందికి దిగితే పన్ను పైపొర అయిన పింగాణి కరగడం మొదలవుతుంది. ఉమ్మి ఆ ఆమ్లాన్ని విరిచి మళ్లీ మామూలు చేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. లెక్క తీపి బరువుది కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నదానిది. మన మనిషి పండగ హల్వాతో చెడలేదు. రోజుకు ఆరేడుసార్లు తాగే పంచదార టీతో చెడ్డాడు.

పింగాణికి ప్రాణం లేదు గనక అది కరిగినంతకాలం అతనికేమీ తెలియలేదు. గుంట డెంటిన్‌లోకి దిగాక కథ మారింది.

ముందుగా మేలుకున్నవి ఓడోంటోబ్లాస్టులు. బ్యాక్టీరియా ఇంకా దూరంగానే ఉన్నాయి, కానీ వాటి గోడల ముక్కలూ విషాలూ గొట్టాల్లోంచి కారి ముందుగా వచ్చాయి. ఓడోంటోబ్లాస్టుల పైపొరలో టీఎల్‌ఆర్-2, టీఎల్‌ఆర్-4 అనే గ్రాహకాలు ఉంటాయి. మొదటిది స్ట్రెప్టోకాకస్ తరహా బ్యాక్టీరియా గోడల ముక్కల్ని పసిగడుతుంది, రెండోది ఇంకో తరహా బ్యాక్టీరియా వదిలే విషాన్ని. ఏది తగిలినా కణం లోపల ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ కేంద్రకంలోకి పరుగెడుతుంది; అంతవరకూ నిద్రపోతున్న జన్యువులు పని మొదలెడతాయి. బ్యాక్టీరియాను చంపే డిఫెన్సిన్లు తయారవుతాయి. రక్తంలోని తెల్లకణాలను పిలిచే ఐఎల్-8 బయటికి పోతుంది. ఫ్రాన్సులో లియోన్ నగరంలో ఫార్జ్ బృందం ఏళ్ల తరబడి ఈ ఒక్క కణం మాట్లాడే భాషనే చదివింది. అంతవరకూ గోడ కట్టే మేస్త్రీగానే తెలిసిన ఓడోంటోబ్లాస్టు నిజానికి కాపలాదారు కూడా అని తేలింది అలాంటి పనివల్లనే.

అదే సమయంలో విచిత్రం ఒకటి జరిగింది. బ్యాక్టీరియా ఆమ్లం డెంటిన్‌ను కరిగించే కొద్దీ, చిన్నప్పుడు గోడ కట్టేటప్పుడు అందులో ఇరుక్కుపోయిన టీజీఎఫ్-బీటా వంటి ఎదుగుదల ప్రోటీన్లు విడుదలై గుజ్జు వైపు చేరాయి. ఓడోంటోబ్లాస్టులకు అది మళ్లీ పనిలోకి రమ్మన్న కబురు. బయట శత్రువు ఎంత తవ్వుతుంటే లోపల అంత కొత్త డెంటిన్ పేరుకుంది. రెండు మూడేళ్లు ఈ పందెం నడిచింది. చల్లటివి తాగితే జిల్లుమనేది, అంతే. అప్పుడు ఎవరైనా ఆ గుంట శుభ్రం చేసి సిమెంటు పెట్టి ఉంటే కథ అక్కడితో ఆగేది. జిల్లుమన్నందుకు డాక్టరు దగ్గరికి ఎవరు పోతారు?

ఎంత దగ్గరికి వస్తే ప్రమాదం? దీనికి 1966లో రీవ్స్, స్టాన్లీ అనే ఇద్దరు పరిశోధకులు కొలత పట్టుకొచ్చారు. పుచ్చిన పళ్లను కోసి, బ్యాక్టీరియాకూ గుజ్జుకూ మధ్య మిగిలిన డెంటిన్ ఎంతో చూశారు. 1.1 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే గుజ్జులో చెప్పుకోదగ్గ గాయమేమీ లేదు. అర మిల్లీమీటరు లోపలికి వస్తే గట్టి మార్పులు. కొత్తగా కట్టుకున్న డెంటిన్‌లోకి కూడా బ్యాక్టీరియా చొరబడితే ఇక ఆ గుజ్జు తేరుకోవడం కష్టం.

మన మనిషి పన్నులో ఆ అర మిల్లీమీటరు గీత దాటింది ఈ వారంలోనే.

పిలిచిన తెల్లకణాలు గుంపులుగా వచ్చాయి. వాటి ఆయుధాలు బ్యాక్టీరియా మీదా పడతాయి, సొంత కణజాలం మీదా పడతాయి. టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-1 బీటా అనే వాపు సంకేతాలు ఒక మోతాదులో ఉంటే మరమ్మతుకు ఊతం. మోతాదు పెరిగితే అవే మరమ్మతును ఆపేస్తాయి. రక్తనాళాలు ఉబ్బాయి, నీరు ఊరింది. మరోచోటైతే ఇది వాపై పైకి కనబడేది. ఇక్కడ గోడ కదలదు గనక ఒత్తిడి పెరిగింది. ఒకప్పుడు ఈ ఒత్తిడి వేరు చివరి నాళాలను నొక్కేసి పన్నంతటినీ ఒక్కసారిగా ఉరేస్తుందని పుస్తకాలు రాసేవి. 1970లలో కొలిచి చూస్తే అలా లేదు: చీము పట్టిన చోట ఒత్తిడి ఎక్కువ, కొద్ది దూరంలోనే మామూలు. గుజ్జు ఒక్క దెబ్బతో చావదు. కొద్ది కొద్దిగా, పైనుంచి కిందికి, కొమ్ము తర్వాత కొమ్ముగా చస్తుంది. అందుకే ఆ నొప్పి ఒక రాత్రితో తీరదు.

నొప్పి మాట వచ్చింది గనక ఇక్కడ మన తెలుగువాడొకాయన కథలోకి వస్తాడు.

1920ల మొదట్లో భీమవరం కుర్రాడు యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య విద్య ముగించి బోస్టన్‌లో ఓడ దిగాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరి, రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని కనిపెట్టాడు. 1925లో వచ్చిన ఆ ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని ఎముక మీదా పంటి మీదా పనిచేసేవాళ్లు తరాల పాటు వాడారు. ఆ కొలతే దారి చూపగా 1929లో కండరంలోంచి ఏటీపీని వేరు చేసినట్టు ఇద్దరూ ప్రకటించారు. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడాది అదే పదార్థాన్ని పట్టుకున్నాడు. జీవికి శక్తినిచ్చే అణువుగానే ఏటీపీని మనం బడిలో చదువుకున్నాం. దానికి ఇంకో ముఖం ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. కణం లోపల ఉంటే శక్తి. గాయపడ్డ కణంలోంచి బయటికి కారితే ప్రమాద ఘంట. గాయపడ్డ ఓడోంటోబ్లాస్టులు ఏటీపీని బయటికి వదులుతాయనీ, పక్కనే ఉన్న నరాల మీది పీ2ఎక్స్3 గ్రాహకాలు దాన్ని అందుకుని నొప్పిగా మెదడుకు చేరవేస్తాయనీ ఇటీవలి పరిశోధనలు చూపించాయి. మాడుగులలో ఆ మనిషిని మంచం మీంచి లేపి కూర్చోబెట్టినవాటిలో సుబ్బారావు సీసాలో చూసిన పదార్థం కూడా ఉంది.

నరాలూ ఊరుకోలేదు. నొప్పి కబురు పైకి పంపుతూనే, అవి సబ్‌స్టెన్స్-పి, సీజీఆర్‌పీ అనే రసాయనాలను వెనక్కి గుజ్జులోకే వదిలాయి. దాంతో నాళాలు ఇంకా వెడల్పయ్యాయి, వాపు ఇంకా పెరిగింది. జిల్లుమనిపించే వేగపు నరాలు మెల్లగా దెబ్బతిన్నాయి. ప్రాణవాయువు తక్కువైనా తట్టుకునే మందగొండి సి-నరాలు మిగిలాయి. సలుపు, గుండెతోబాటు కొట్టుకునే పోటు, ఎక్కడ నొప్పో వేలు పెట్టి చూపలేకపోవడం, చల్లనీళ్లకు ఊరట, వేడికి మంట: ఇవన్నీ ఈ దశ గుర్తులే. చల్లటి నీళ్లు పుక్కిట పట్టుకుని వచ్చిన రోగిని చూడగానే దంతవైద్యుడికి సగం రోగనిర్ధారణ అయిపోతుంది.

అమ్మ చెప్పిన లవంగం వట్టిది కాదు. అందులోని యూజెనాల్ నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. చావడానికి అక్కడ పురుగే లేదు.

మరి యాంటీబయాటిక్ మాత్ర? అమెరికాలో 2000లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఈ దశలో ఉన్న 40 మందిలో కొందరికి పెన్సిలిన్, మిగిలినవారికి ఉత్త మాత్రలూ ఇచ్చి చూశారు. నొప్పిలో తేడా లేదు. 2019లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఈ రకం పంటి నొప్పికి యాంటీబయాటిక్స్ రాయొద్దని సూచించింది. ఈ నొప్పి గుజ్జు సొంత వాపుది. ఆ వాపును యాంటీబయాటిక్ ఆర్పదు. గుజ్జు చచ్చాక అయితే మందును మోసుకెళ్లడానికి రక్తమే అక్కడికి పోదు. అయినా మన మందుల షాపుల్లో పన్ను అనగానే మొదట చేతికొచ్చేది ఆ రంగు గొట్టం మాత్రే. ఈ అలవాటుకు ఎంత మూల్యం చెల్లిస్తున్నామో పట్టించుకునేవారు లేరు.

తెల్లవారుఝాము నాలుగింటికి పోటు తగ్గింది. ఆరింటికి పూర్తిగా పోయింది.

"తగ్గిపోనాదమ్మా."

"సెప్పానా? లవంగమే."

ఆ తెల్లారి ఊరట మీదే నాకు కోపం. ఒక అవయవం చచ్చిపోయిన క్షణాన్ని మనం నయమైందనుకుని పనిలోకి పోతాం. చెప్పడానికి నరం మిగల్లేదు, అంతే. ఖాళీ అయిన గుజ్జు గదిలో ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్లు లేరు. గాలి అక్కర్లేని బ్యాక్టీరియా అక్కడ కాపురం పెట్టి, వేరు చివర్నుంచి దవడ ఎముకలోకి చూస్తాయి. అతనికి దవడ వాచింది నెలల తర్వాత. అప్పటికి రూట్ కెనాల్ తప్ప దారి లేదు.

ఇంతకూ ఆ గుజ్జును చంపింది ఎవరు? తీపా, ఆమ్లమా, పన్నులో ఇరుక్కున్న తిండా, బ్యాక్టీరియానా, దాని సొంత వాపా?

ఈ ప్రశ్నకు జవాబు 1965లో అమెరికాలోని బెథెస్డాలో ఎలుకల నోట్లో దొరికింది. ప్రభుత్వ దంత పరిశోధన సంస్థలో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ కలిసి చేసిన పని. రెండో పేరు గుర్తుపట్టే ఉంటారు. మరుసటేడు అర మిల్లీమీటరు గీత గీసిన స్టాన్లీయే. వాళ్ల దగ్గర రెండు రకాల ఎలుకలున్నాయి: మామూలువి 15, పుట్టినప్పటినుంచీ ఒక్క సూక్ష్మజీవి కూడా తగలకుండా మూసిన గదుల్లో పెంచినవి 21. రెండు రకాల ఎలుకలకూ దవడ పన్నును చిన్న బర్రుతో గుజ్జు బయటపడేదాకా తొలిచి, అలాగే వదిలేశారు. పూత లేదు, మందు లేదు. ఎలుకలు మామూలుగా తిన్నాయి. తిన్నది గుంటలో కూరుకుపోయింది.

మామూలు ఎలుకల్లో ఎనిమిదో రోజుకే పై గుజ్జు పోయి, వేరు వైపు సగం మాత్రం మిగిలింది. ఆ తర్వాత చూసిన పళ్లన్నిటా గుజ్జు చచ్చిపోయింది, వేళ్ల చుట్టూ చీము గడ్డలు.

సూక్ష్మజీవులు లేని ఎలుకల్లో గుజ్జు బతికే ఉంది. గుంటలో తిండీ వెంట్రుకలూ కుక్కుకుపోయి ఉన్నా సరే. 14వ రోజుకు గాయం మీద కొత్త డెంటిన్ వంతెన మొదలైంది. నాలుగో వారానికి మూసుకుపోయింది. ఎవరూ వైద్యం చేయలేదు.

అంతవరకూ పన్ను గుజ్జు బయటపడితే దాని పని అయిపోయిందని దంతవైద్య లోకం నమ్మింది. ఈ ఎలుకలు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాయి. గుజ్జుకు తనను తాను బాగుచేసుకునే శక్తి ఉంది. అడ్డుపడేది బ్యాక్టీరియా రాక ఆగకపోవడం. ఎవరు కడతారు ఆ వంతెన, పాత ఓడోంటోబ్లాస్టులు చచ్చిపోయాయి కదా అన్న చిక్కు మిగిలింది. అదే బెథెస్డాలో, అదే సంస్థలో, 2000లో గ్రాంథోస్, షీ తదితరులు పీకేసిన జ్ఞానదంతాల గుజ్జులోంచి మూలకణాలు వేరు చేసి, అవి డెంటిన్ కట్టగలవని చూపారు. ఫ్రాన్సులో మార్సేలో జరిగిన పని దానికి తోడైంది: గాయపడ్డ గుజ్జులోని ఫైబ్రోబ్లాస్టులు సీ5ఏ అనే ప్రోటీన్ ముక్కను తయారుచేసి, మూలకణాలను గాయం వైపు రప్పిస్తాయి. వాపు పూర్తిగా లేకపోతే ఈ పిలుపులేవీ ఉండవు. వాపు శత్రువే అనుకుని మొత్తం ఆర్పేయడం కూడా తప్పని దీన్నిబట్టి తేలింది.

ఆ తప్పును ఒకప్పుడు సీసాల్లో అమ్మారు కూడా. సుబ్బారావు 1940లో లెడర్లే కంపెనీలో చేరి పరిశోధన విభాగానికి సారథ్యం వహించాడు. ఆయన ప్రోత్సాహంతో అక్కడ బెంజమిన్ డుగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవుల్లోంచి వెతికి తీసిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది, 1948లో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్లకు కన్నుమూశాడు. తర్వాత పన్నెండేళ్లకు స్విట్జర్లాండులో ష్రోడర్, ట్రియాడాన్ అనే వైద్యులు ఆ కుటుంబానికే చెందిన డెమెక్లోసైక్లిన్‌నూ ఒక స్టెరాయిడ్‌నూ కలిపి పంటి గుంటలో పెట్టే పేస్టు తయారుచేశారు. పేరులోనే కంపెనీ ఉంది: లెడర్‌మిక్స్. పెట్టిన కాసేపటికి నొప్పి మాయమయ్యేది. రోగీ మెచ్చాడు, వైద్యుడూ మెచ్చాడు. స్టెరాయిడ్ వాపుతోబాటు మరమ్మతునూ పడుకోబెడుతుందనీ, నొప్పి పోయినా గుజ్జు చాటుగా చావవచ్చనీ తెలిశాక దాన్ని గుజ్జును కాపాడే శాశ్వత మందుగా కాక, రోగి బాధ తీర్చే తాత్కాలిక సాయంగానే వాడటం మొదలైంది. తల్లి లవంగానికీ ఆ పేస్టుకీ తేడా మోతాదులోనే అంటే అతిశయోక్తి కావచ్చు, అయినా అనాలనిపిస్తోంది.

ఇప్పుడు పద్ధతి మారింది. మన మనిషినే తీసుకోండి. కుడి పన్నుకు రూట్ కెనాల్ చేయించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఎక్స్‌రేలో ఎడమ పన్నునూ చూసింది. అక్కడా లోతైన గుంట. నొప్పి లేదు, చల్లటివి తగిలితే జిల్లుమంటుంది.

"దీనికీ రూట్ కెనాలేనా మేడమ్?"

"ఎందుకండీ, బతికే ఉందిది. చావనివ్వకుండా చూద్దాం."

పాతకాలంలో పుచ్చు అంతా గీకి తీసేవారు, గుజ్జు బయటపడినా సరే. ఆమె అంచుల చుట్టూ గట్టి డెంటిన్ వచ్చేదాకా శుభ్రం చేసి, నడి లోతులో గుజ్జుకు ఆనుకున్న మెత్తటి పొరను కావాలనే వదిలేసింది. అందులో బ్యాక్టీరియా ఇంకా ఉన్నాయి. పైన కాల్షియం సిలికేట్ సిమెంటు వేసి, గాలి చొరకుండా మూసేసింది. చక్కెర అందని బ్యాక్టీరియాలో చాలాభాగం చస్తాయి, మిగిలినవి మూలపడతాయి. విషం రావడం తగ్గితే ఓడోంటోబ్లాస్టుల లోపలి గోల తగ్గుతుంది. టీజీఎఫ్-బీటా కబురు వినడానికి వాటికి తీరిక దొరుకుతుంది.

ఆరు నెలలకు మళ్లీ రమ్మంది. పంటి మీద చల్లటి దూది ఆనించింది. జిల్లుమంది, తీయగానే ఆగిపోయింది. ఎక్స్‌రేలో గుంట అడుగున డెంటిన్ మునుపటికన్నా మందంగా కనబడింది. టీలో పంచదార సంగతి అడిగింది. రెండుసార్లకు తగ్గించానన్నాడు. ఆమె నమ్మలేదు; ఇంకో ఆరు నెలలకు రమ్మని చీటీ మీద తేదీ రాసిచ్చింది.